చక్రమును గడపయును

గడచిన నెలలో నొక ఆదివారమున తొమ్మిదవ తరగతి బాలుర వ్యాసములను దిద్దుచు వసారాలో కూర్చుండి యుంటిమి. వ్యాసవిషయము "నేను మెచ్చిన క్రీడాకారుడు". ముప్పదియెనిమిది వ్యాసములలో ముప్పది క్రికెటు వీరులను గూర్చినవి. అందు సగము ఒకదానినుండి యొకటి పుట్టినవి. ఒక్క బాలుడు మాత్రము చక్రాల కుర్చీ పరుగుపందెములలో పేరుగాంచిన ఫిన్లాండు దేశస్థుడు లియో-పెక్కా తాహ్తిని గూర్చి వ్రాసెను. మేము సంతోషించి, గుణింతపు తప్పులు రెండు దిద్ది, పదికి ఎనిమిది మార్కులు వేసి కాగితము ప్రక్కన బెట్టితిమి. సెలవునకు మా యింటికి వచ్చియున్న మా తమ్ముడు దానిని చేతిలోనికి తీసికొని చదివెను. "చక్రాల కుర్చీకే పరిమితమైన ఈ వీరుడు ఫిన్లాండు దేశమున పుట్టెను" అనునది మొదటి వాక్యము. వాడు నవ్వెను.

"అన్నయ్యా, నువ్వు రోజూ చెప్పులు తొడుక్కుని బడికి పోతావు కదా. 'చెప్పులకే పరిమితమైన ఉపాధ్యాయుడు' అని ఎవరైనా రాస్తే దిద్దకుండా వదిలేస్తావా?"

మాకు బదులు తోచలేదు. శబ్దార్థములను తూచి వాడవలెనని యిరువదియేండ్లుగా పిల్లలకు బోధించుచున్న వారము మేము. ఆ మాట పత్రికలలో కనబడుచునే యున్నది. పత్రికనుండి బాలుని కాగితమునకు వచ్చినది. బాలుని కాగితమునుండి మా యెఱ్ఱసిరా క్రిందుగా నిరాటంకముగ సాగిపోయినది. కుర్చీ లేనిచో మంచమునకు పరిమితమగువాడు కుర్చీ యున్నందున వీథికిని, ఊరికిని, దేశాంతరములకును పోవుచుండగా, మన మా కుర్చీనే చెఱసాలగా వర్ణించుచున్నాము. మా తమ్మునికి రెండవ యేట పోలియో వచ్చి కాళ్లు రెండును చచ్చుబడినవి. తప్పును పట్టుకొనిన వాడు వాడు. విడిచిపెట్టిన వారము మేము. అందువలన నీ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

ముందుగా ఆ పందె మెట్టిదో చెప్పెదము. ఏలయన మన యిండ్లలో దానిని చూచినవారు తక్కువ. ఆ కుర్చీ ఆసుపత్రి వసారాలలో మనము చూచు నాలుగు చక్రముల కుర్చీ కాదు. దానికి చక్రములు మూడే. వెనుక రెండు పెద్దవి. ముందు, పొడవైన సన్నని చట్రము కొనయందు, చిన్నది యొకటి. పెద్ద చక్రములు నిలువుగా నుండక, పైభాగము లోనికిని అడుగుభాగము వెలుపలికిని వాలియుండి, కుర్చీ పొరలిపోకుండ కాపాడును. చట్రమును అల్యూమినియముతోనో కార్బను నారతోనో చేయుదురు. అందు పలువురు కాళ్లను క్రిందికి మడచుకొని, రొమ్ము తొడల నంటునట్లు ముందునకు వంగి యుందురు. చక్రమునకు వెలుపల దానికన్న చిన్నదైన వలయ మొకటి బిగింపబడి యుండును. గట్టి తొడుగులు తొడిగిన చేతులతో ఆ వలయమును పైనుండి కొట్టి, క్రిందివరకు తోసి, విడిచిపెట్టి, మోచేతులు వీపును మించి లేవగా మరల కొట్టుచుందురు. గేరులు గాని మీటలు గాని యుండరాదని నిబంధన. ఉన్నదంతయు రెండు చేతులును, రెండు భుజములును, ఊపిరియును మాత్రమే.

పోటీదారులను వారి వారి కండరముల శక్తినిబట్టి తరగతులుగా విభజింతురు. చేతులకు పూర్తిబలముండి, నడుము పైభాగమునకు గూడ కొంతయో అంతయో పట్టుగలవారిది టి 54 తరగతి. చేతులు బాగుగనుండి నడుము నిలువనివారిది టి 53. చేతులు గూడ బలహీనమైనవారివి 52, 51 తరగతులు. ఈ టి 54 తరగతి నూరు మీటర్ల పందెమున తాహ్తి 2004లో ఏథెన్సునందును, 2008లో బీజింగునందును, 2012లో లండనునందును, 2016లో రియోనందును వరుసగా నాలుగు పారాలింపిక్ స్వర్ణపతకములు గెలిచెను. లండనులో 13.63 సెకనులలో పరుగు ముగించి ప్రపంచరికార్డు నెలకొల్పెను. కరోనా వలన ఒక యేడు వాయిదాపడి 2021లో జరిగిన టోక్యో పోటీలలో మాత్రము థాయిలాండు యువకుడు అతివత్ పెంగ్‌నుయా 13.76 సెకనులలో మొదటివాడు కాగా, తాహ్తి రెండవవాడయ్యెను. అచట మూడవవాడైన మెక్సికో దేశపు హువాన్ పాబ్లో సెర్వాంటెస్ గార్సియా 2024లో పారిసునందు మొదటివాడయ్యెను.

ఆ ఆదివారము సాయంకాలము మేమును మా తమ్ముడును టోక్యో పందెమును ఫోనులో చూచితిమి. ప్రేక్షకుల నెవరిని రానీయని కాలమది, గద్దెలన్నియు ఖాళీ. కుర్చీలు గీటు వెనుక నిలిచినవి. తుపాకి మ్రోగినది. కాళ్లతో పరుగెత్తువాడైనచో నా క్షణముననే దూకి యుండును. ఇచట మొదటి దెబ్బకు కుర్చీ కొంచెము కదలినట్లు మాత్రమే తోచినది. రెండవ దెబ్బ, మూడవ దెబ్బ, నాలుగవ దెబ్బ! భుజములు పైకి లేచుచున్నవి, పడుచున్నవి. కుర్చీలింకను బరువుగనే యున్నవి. ఆపైన దెబ్బకు దెబ్బకు నడుమ కాలము తగ్గెను. సగము దారి గడచునప్పటికి, గంటకు ముప్పది కిలోమీటర్లకు మించిన వేగముతో చక్రములు పరుగిడుచున్నవి. ముందుచక్రపు టిరుసు నడిబొడ్డు గీటును దాటిన క్షణమే లెక్క. పదునాలుగు సెకనులైన పట్టలేదు, ముగిసినది.

మేము గెలిచినవానిని చూచితిమి. మా తమ్ముడు వెనుకకు త్రిప్పి మొదటి మూడు సెకనులనే మరల మరల చూచెను. వాడు వృత్తిచేత గడియారములు బాగుచేయువాడు. చక్రములనిన వానికి మాకన్న నెక్కువ తెలియును.

"ఆ మొదటి నాలుగు దెబ్బలు చూడన్నయ్యా. కష్టమంతా అక్కడే ఉంది. కదిలిన తరువాత చక్రం తన పని తాను చూసుకుంటుంది" అనెను.

లెక్కలు చూడగా వాని మాట నిజమే. 2009లో బెర్లినునందు ఉసేన్ బోల్టు నూరు మీటర్లను 9.58 సెకనులలో పరుగెత్తెను, తాహ్తి 13.63తో పోల్చగా చక్రము నాలుగు సెకనులు వెనుకబడినది. నిలిచియున్న బరువును చేతులు మాత్రమే కదలింపవలెను. కాళ్ల కండరములతో చేతుల కండరములు సరితూగవు. కాని దూరము పెరిగిన కొలది లెక్క తలక్రిందగును. 42 కిలోమీటర్ల మారథానును 2023లో చికాగోనందు కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకనులలో పరుగెత్తెను. 2021లో జపానులోని ఓయిటాయందు స్విట్జర్లాండు దేశపు మార్సెల్ హుగ్ అంత దూరమును చక్రాల కుర్చీలో 1 గంట 17 నిమిషముల 47 సెకనులలో ముగించెను. కాళ్లవాడు అడుగడుగునకు తన దేహమును నేలనుండి యెత్తుకొనవలెను. చక్రమునకు ఆ పని లేదు. మొదటి దెబ్బలకు ఓర్చి, సమమైన బాట దొరకినచో, చక్రము మనిషి కాలిని నలువది నిమిషములకు పైగా వెనుకకు నెట్టగలదు.

ఈ పందెములు పుట్టిన కథయు దెలిసికొనదగినది. వెన్నెముక దెబ్బతిని కాళ్లు పడిపోయిన సైనికులను పూర్వము వైద్యులు మంచమున పరుండబెట్టి, జాలిపడి, చావునకై కాచుకొనెడివారు. పడక పుండ్లును, మూత్రకోశ వ్యాధులును వారిని కొలదికాలములోనే కబళించుచుండెను. నాజీల హింసకు తాళలేక 1939లో జర్మనీ విడిచి ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్మన్ 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రియందు ఇట్టివారికొక విభాగము తెరచెను. ఆయన రోగులను రేయింబవళ్లు రెండేసి గంటల కొకసారి ప్రక్కకు పొరలింపజేసి పుండ్లను మాన్పించెను, ఆపైన వారిచేత పని చేయించెను, ఆటలాడించెను. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలు మొదలైన దినముననే, తన ఆసుపత్రి తోటలో పదునాలుగుగురు పురుషులకును ఇద్దరు స్త్రీలకును విలువిద్యలో పోటీ పెట్టెను. పండ్రెండేండ్లకు, 1960లో రోమునందు, 23 దేశములనుండి నాలుగు వందలమంది పోటీలకు వచ్చిరి. 1964లో టోక్యోనందు మొదటిసారిగా చక్రాల కుర్చీల పరుగుపందెము జరిగినది. దూరము అరువది మీటర్లే. కుర్చీలు నిత్యము వాడుకొను బరువైన కుర్చీలే.

1975లో బాబ్ హాల్ అను నమెరికా యువకుడు బోస్టను మారథానులో కుర్చీతో పాల్గొన ననుమతి యడిగెను. మూడు గంటలలోపల ముగించినచో యోగ్యతాపత్రము నిత్తుమని నిర్వాహకు లనిరి. ఆయన 2 గంటల 58 నిమిషములలో ముగించెను. తరువాత తానే పరుగుకుర్చీలను తయారుచేయ నారంభించెను. ఆయనకును చిన్ననాడే పోలియో వచ్చినది. ఈ సంగతి చదివినప్పుడు మాకు మా యిల్లు జ్ఞప్తికి వచ్చినది.

మాది గోదావరి డెల్టాలో నొక పల్లె. మా తమ్మునిపై మా యింటివారికి గల ప్రేమకు కొదువ లేదు. ఆ ప్రేమ వానిని నేలపై దింపకుండుటయే చిక్కు. స్నానమునకు నాన్నగారు, భోజనమునకు అమ్మ, బడికి మేము మోసెడివారము. తెలిసినవారొకరు చక్రముల బండి యేదైన తెప్పింపుడని చెప్పగా నాన్నగారికి కోపము వచ్చెను. "నాలుగు భుజాలుండగా నా బిడ్డకు బండెందుకయ్యా? మోయలేక బండిలో పడేశాననుకోరూ ఊళ్లో?" అనిరి. ఆ మాటకు మేమందరము గర్వించితిమి. ఉన్నతపాఠశాల మూడు కిలోమీటర్ల దూరమున నుండెను. సైకిలు వెనుక వానిని కూర్చుండబెట్టుకొని పోవుచుంటిమి. వాని చేతులు మా నడుమును చుట్టుకొని యుండెడివి.

మాకు పదునెనిమిదవ యేట కళాశాల చదువునకై పట్టణము పోవలసివచ్చెను. వాడు ఎనిమిదవ తరగతిలో నుండెను. కొన్నినాళ్లు పాలేరు దిగబెట్టెను; తరువాత నాట్లు వచ్చినవి; తరువాత వానలు వచ్చినవి. వాని చదువును ఎవరును మానిపింపలేదు. మోయువారు లేక యది తానే నిలిచిపోయినది. దసరా సెలవులకు వచ్చి చూచునప్పటికి వాని పుస్తకములు అటకపై నుండెను. మా భుజములే వాని బాటగా చేసితిమి. మా భుజములు పట్టణము పోగానే వాని బాట తెగినది. మేము పట్టభద్రులమైతిమి. ఆ సంగతిని వాడు నేటివరకు నొక్కమారైన నెత్తి చూపలేదు. అందుచేతనే మాకది మరపునకు రాదు.

ఊరిలోని యొక వృద్ధుని యొద్ద వాడు గడియారముల పని నేర్చుకొనెను. వాని యిరువదిరెండవ యేట మండలకేంద్రమున ప్రభుత్వమువారు చేతితో త్రిప్పు మూడు చక్రముల బండి నొకటి యిచ్చిరి. సంక్రాంతి సెలవులు, మేమును ఇంటనే యుంటిమి. మధ్యాహ్నము భోజనమైన పిమ్మట చూచుసరికి వాడు లేడు, బండి లేదు. దీపములు పెట్టువేళ యయ్యెను. అమ్మ ఏడ్పు మొదలుపెట్టెను. మేము సైకిలుపై ఊరంతయు వెదకి, తుదకు రెండు మైళ్ల దూరమున కాలువ గట్టుమీద, నిద్రగన్నేరు చెట్టు క్రింద, నీళ్లను చూచుచు కూర్చున్నవానిని కనుగొంటిమి.

"చెప్పకుండా ఎక్కడికి పోయావురా?" అని కసరితిమి.

"చెప్పకుండా పోతే ఎలా ఉంటుందో చూద్దామని పోయానన్నయ్యా. ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి" అనెను.

మేము మారు పలుకలేదు. సైకిలు నడిపించుకొనుచు వాని ప్రక్కన నడచి వచ్చితిమి. ఎత్తు వచ్చినచోట బండిని నెట్టబోగా వద్దనెను.

కాలువ గట్టు దాటిన బండి మా గడప దాటలేకపోయెను. వాకిట బండి దిగి, చేతులపై ప్రాకుచు, జానెడెత్తు గడపను వాడు దాటవలసి వచ్చెడిది. రెండేండ్లకు తన సంపాదనతో ఇంటిలో తిరుగుటకు చక్రాల కుర్చీ కొనుక్కొనెను. గడప దానికిని అడ్డమే. ఇరుప్రక్కల వాలుగా చెక్కలు వేయింతమని మేమంటిమి. అమ్మ యొప్పుకొనలేదు. పసుపు రాసి కుంకుమ పెట్టిన గడపను త్రొక్కరాదు. దానిపై చక్రములు పోవుటయా? మేము శాస్త్రములు విప్పి వాదించితిమి; ఆమె వినలేదు. ఒకనాడు పండుగకు కుట్టించిన కొత్త చొక్కాతో వాడు గడపపై ప్రాకుచుండగా చొక్కా చిరిగినది. ఆ మరునాడు మేము లేచుసరికే వడ్రంగి వాకిట నుండెను.

"రోజూ పసుపు రాసేది నేనే కదా. లక్ష్మి అడిగితే నేనే చెప్పుకుంటాను" అని అమ్మ యనెను. చెక్కలకు మడతబందులు వేయించెను. శుక్రవారమునాడు వానినెత్తి గడపకు పసుపు రాసి మరల దింపును. మా తర్కమునకు లొంగనిది ఆమె కన్నులకు లొంగినది.

సంస్కృతము చదివిన మేము ఇంతకన్న ముందే తెలిసికొనవలసినది. సూర్యుని సారథి అరుణుడు. ఆయనకు తొడలు లేవు. కావుననే అనూరుడని పేరు. తల్లి వినత తొందరపడి గ్రుడ్డును పగులగొట్టుటచే అట్లు పుట్టెనని పురాణకథ. అట్టివానిని మన పూర్వులు ఏ మూలనో కూర్చుండబెట్టి యన్నము పెట్టుట కాక, జగత్తులో మిక్కిలి వేగము గల రథమునకు సారథిని జేసిరి. పగ్గములు చేతి కిచ్చిరి. ఆయనను రథమునకే పరిమితమైనవాడని యెవరును వర్ణింపలేదు. ఈ కథను తరగతిలో ఎన్నిమార్లు చెప్పి యుందుమో! చెప్పిన గంట తరువాతనే మేము చేయుచున్న పని యెట్టిదో వినుడు.

మా పాఠశాల ఆరవ తరగతిలో ఈ యేడు చక్రాల కుర్చీలో వచ్చు బాలు డొకడు చేరెను. ఆటల వేళ "నీకీ ఎండ యెందుకు నాయనా" అని వానిని వేపచెట్టు నీడన నుంచి, తక్కిన బాలుర సంచులకు కావలి పెట్టితిమి. దానిని దయ యనుకొంటిమి. నాన్నగారి భుజములును, మా నీడయు నొక్కటియే యని ఆ ఆదివారమునకు గాని మాకు తెలియలేదు. సోమవారమున ఆటస్థలము పరీక్షించితిమి. ఇసుకలో చక్రము దిగబడును. గేటునుండి కార్యాలయము వరకు సిమెంటు బాట కలదు. టేపుతో కొలిచి నలువది మీటర్లకు సుద్దతో గీట్లు గీసితిమి. మా తమ్ముడు బాగుచేసి యిచ్చిన స్టాపువాచీ పట్టుకొని నిలిచితిమి. బాలుడు మొదట సిగ్గుపడెను. తరువాత చక్రములపై చేతులు వేసెను. మొదటి తోపులకు కుర్చీ కదలీ కదలకుండెను. నెట్టుటకు మా చేతులు ముందుకు సాగినవి. వానిని వెనుకకు తీసికొంటిమి. వాడు గీటు దాటి, ఆయాసపడుచు, "ఎన్ని సెకనులు సార్?" అని యడిగెను. చెప్పితిమి. "రేపు కూడా పెడతారా?" అనెను. ఇప్పుడు ప్రతిదినము పెట్టుచున్నాము. సంచుల కావలికి వంతులు వేసితిమి; మాకును ఒక వంతు కలదు.

పాఠకమహాశయులారా, ఈ బాలుడు పారాలింపిక్ పతకము తెచ్చునని మేము చెప్పబోవుట లేదు. మంచి పరుగుకుర్చీ వెల లక్షలలో నుండును. మన బాటలు మీ రెరుగుదురు. పతకము తెచ్చినవారికి పూలదండలు వేయుట సులభము. 2024లో పారిసునందు మన ఓరుగల్లు సీమ బాలిక జీవాంజి దీప్తి, చక్రములపై గాక కాళ్లతోనే, మేధోవైకల్యము గలవారి తరగతిలో నాలుగు వందల మీటర్లు పరుగెత్తి కంచుపతకము గెలువగా అందరమును చప్పట్లు కొట్టితిమి. ఆమె చిన్ననాట ఊరివారాడిన సూటిపోటి మాటలు అప్పుడు గాని మనకు వార్తలు కాలేదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో వీరులగువారు కొందరే. అందరికిని గడపలు మాత్రము కలవు. ఇతరులతో సమానముగ వారికి చదువును, ఆటలును పాఠశాలలు కల్పింపవలెనని 2016 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టము వడ్రంగిని పిలువదు. పిలువవలసినవారు ఇంటనున్న మనమే. మీ యింట గాని, మీ ప్రక్కయింట గాని ఎత్తుకొని మోయబడుచున్న బిడ్డ యుండిన, మోయుటకు ముందు నేలవైపొకసారి చూడుడు. ఏ గడపకు ఏ చెక్క కావలెనో, ఏ బాటలో ఏ రాయి తీయవలెనో కనబడును.

ఇక ఆ తొమ్మిదవ తరగతి వ్యాసము. "చక్రాల కుర్చీకే పరిమితమైన" అను మాటలను ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. వాని స్థానమున నేమి వ్రాయుదమా యని కలము పట్టుకొని కొంతసేపు కూర్చుంటిమి. ఏమియు నక్కరలేకపోయెను, "ఈ వీరుడు ఫిన్లాండు దేశమున పుట్టెను" అని వాక్యము తనంతట తానే నిలిచినది. బాలుని పిలిచి కారణము చెప్పితిమి. మార్కు మాత్రము తగ్గింపలేదు. ఆ తప్పు వానిది కాదు, వానికి మేము నేర్పినదే.